నురుగు నిండని ఇల్లు

తీరాభివృద్ధి సంస్థ వారి సిబ్బంది క్వార్టర్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, తూర్పుగాలి వీచిన రోజున వంటింటి కిటికీ తీసి ఉంచితే పప్పులో ఉప్పు వేయక్కర్లేదని అక్కడి ఆడవాళ్లు చెప్పుకొంటారు. ఆరేసిన బట్టలు ఎంత ఆరినా చెమ్మ వదలవు. కిటికీ ఊచలు తుప్పుపట్టి వాటంతటవే రాలిపోతాయి. అలాంటి చోట కాపురం ఉండేవాళ్లకు సముద్రం చూపించాలని ఎవరికైనా ఎందుకు తోస్తుందో, ఆ సంస్థలో గోదాము గుమాస్తాగా పనిచేసే వరాహమూర్తికి చివరిదాకా అర్థం కాలేదు. కాని తోచింది. తోచింది కూడా మామూలు మనిషికి కాదు, సంచాలకులు గారికే.

సంచాలకులు గారు ఏదో దేశం వెళ్లి వచ్చారు. అక్కడ ఒక పెద్దమనిషి ఇంట్లో నిలువెత్తు గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో రంగురంగుల చేపలు చూశారు. విమానం దిగీదిగగానే 'ఇంటింటా సముద్రం' అనే పథకం ప్రకటించారు. సభ పెట్టి, సముద్రం బయట ఉన్నంతకాలం అది ఉత్త ప్రకృతి అనీ, ఇంట్లోకి వచ్చిననాడే అభివృద్ధి అవుతుందనీ సెలవిచ్చారు. ఆయన వెనక కిటికీలోంచి అలల హోరు వినిపించి మాటలు సరిగా అందడం లేదని ఎవరో లేచి కిటికీ మూశారు.

వరాహమూర్తి పెద్దగా చదువుకున్నవాడు కాదు. సింహాచలం అప్పన్నను నమ్ముకుని, పొద్దున్నే దీపం వెలిగించి, పదిమందికీ నమస్కారం పెట్టి బతికేవాడు. అయితే ఆయనకు సందేహాలు వస్తుండేవి. దేవుడి దగ్గర అడిగినట్టే ఆఫీసులోనూ చేతులు కట్టుకుని మెల్లగా అడిగేవాడు. తొట్టెల్లోకి ఎదురుగా ఉన్న సముద్రం నీళ్లే తెచ్చి పోసుకోవచ్చునా అని అడిగాడు. ఆ సముద్రానికి నాణ్యతా ధ్రువపత్రం లేదని జవాబు వచ్చింది. అందుకని ఎక్కడినుంచో సంచుల్లో ఉప్పు తెప్పించి, కుళాయి నీళ్లలో కలిపి, ప్రతి ఇంట్లోనూ ప్రామాణికమైన సముద్రాన్ని తయారుచేశారు.

చేపలు దూరద్వీపాల నుంచి వస్తాయన్నారు. క్వార్టర్ల వెనక రాళ్లగుట్టల మధ్య కాంట్రాక్టరు మనుషులు తెల్లారకుండానే వలలు వేసి చారల చేపల్ని పట్టడం అందరూ చూశారు. చూసినవాళ్లెవరూ మాట్లాడలేదు. ఇంటికొకటి చొప్పున పంచారు.

వరాహమూర్తి భార్య మంగతాయారు మడికట్టు మనిషి. చేపలబుట్ట వీధిలో వెళ్తే వాకిట్లో నీళ్లు చల్లుకునే ఇల్లాలు. గాజుతొట్టి హాల్లో పెట్టిన రోజున, ఇంట్లోకి నీచు తెచ్చారని భర్తతో రెండుపూటలు మాట్లాడలేదు. మూడోపూట తొట్టి ముందు నిలబడి చూసింది. పసుపు ఒంటి మీద నల్లచారలు, తోక మొదట్లో ఒక చుక్క. ఆ చేప గాజు దగ్గరికి వచ్చి ఆమెనే చూస్తూ నోరు తెరిచి మూసింది.

"ఆకలిగా ఉందేమోనండి," అంది మంగతాయారు.

అప్పటినుంచి అది చుక్కమ్మ అయింది. చేప మేత నీచుది గనక ఆమె దాన్ని పట్టకారుతో చిటికెడు తీసి వేసేది. చుక్కమ్మ తినగా మిగిలిన రజనును టీ వడకట్టే జల్లెడతో వెంటనే ఎత్తేసేది. దేవుడి గది కడిగినంత శ్రద్ధగా తొట్టి తుడిచేది. పూజ అయ్యాక హారతి పళ్లెం పట్టుకుని భర్త హాల్లోకి వస్తే, మత్స్యావతారం కూడా ఆయనదే కదా అని చుక్కమ్మకూ ఒకసారి చూపించేది. పిల్లలు లేని ఇల్లు. చేపకు మాటలు రాకపోయినా ఆ హాల్లో మాటలు పెరిగాయి.

మిగతా ఇళ్లలో అలా లేదు. పక్క క్వార్టరులో కరెంటు విభాగం దాలినాయుడు, చేప చిక్కిపోయిందని గుప్పెళ్లతో మేత వేసేవాడు. మేత కుళ్లి, నీళ్లు కంపుకొట్టి చేపలు తేలిపోసాగాయి. దీనికి విరుగుడుగా, ఉప్పునీటి తొట్టెలకు ప్రోటీన్ స్కిమ్మర్ అనే యంత్రం ఉంటుందని ఎవరో చెప్పారు. అదొక గొట్టం. అడుగునుంచి సన్నని గాలిబుడగలు పైకి వస్తుంటే నీళ్లలోని కుళ్లు వాటికి అంటుకుని నురుగై, పైనున్న గిన్నెలో పడుతుంది. ఆ గిన్నె పారబోస్తే మురికి పోయినట్టే. జనం దాన్ని నురుగుగొట్టం అన్నారు. సంస్థ మాత్రం దానికోసం ఒక కొత్త విభాగం తెరిచి, తోటల విభాగంలో పూలకుండీలు లెక్కపెట్టే పరాంకుశం గారిని నురుగు పర్యవేక్షణాధికారిగా వేసింది.

సమర్థమైన యంత్రాన్ని ఎన్నుకోవడానికి కమిటీ కూర్చుంది. మూడు కంపెనీలవాళ్లు మూడు గాజుతొట్టెల్లో మూడు గొట్టాలు బిగించారు. సరుకు దింపుకోవలసినవాడు గనక వరాహమూర్తి గోడవార నిలబడ్డాడు. మొదటి కంపెనీ కుర్రవాడు అమాయకుడు. ఇంట్లో పెట్టుకునే తొట్టికి తమ చిన్నగొట్టం చాలుననీ, చప్పుడు చేయదనీ, నీళ్లు బాగుంటే నురుగు కొంచెమే వస్తుందనీ చెప్పాడు. తన యంత్రం కొంచెమే పనిచేస్తుందని ఒప్పుకున్నందుకు అతన్ని అక్కడికక్కడే తిరస్కరించారు. రెండోవాడు నురుగు చూడాలంటే రెండురోజులు ఆగాలన్నాడు. కమిటీ గడువు సాయంత్రంతో సరి.

ఇంతలో భోజనాలు వచ్చాయి. సమావేశ మందిరంలో కుళాయి లేదు. లెక్కల విభాగం సభ్యుడు పెరుగన్నం తిన్న చెయ్యి మూడో తొట్టిలో కడుక్కున్నాడు. మజ్జిగ గ్లాసులో మిగిలింది కూడా, ఎవరూ చూడటం లేదనుకుని అందులోనే ఒంపేశాడు. పక్కనున్న ఇద్దరు సభ్యులకు ఆ ఏర్పాటు సదుపాయంగా కనిపించింది. కాసేపటికి మూడో గొట్టం రుబ్బురోలులా మోత మోగుతూ తెల్లని నురుగు కక్కింది. గిన్నె నిండి బల్ల మీదికి పొర్లింది. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

వరాహమూర్తి చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. తనకొక సందేహం ఉందనీ, ఆ తొట్టిలో మజ్జిగ పడిందనీ మనవి చేశాడు.

పరాంకుశం గారు కళ్లజోడు సర్దుకున్నారు. "కమిటీ విచారణ పరిధిలో నురుగు ఉంది. మజ్జిగ లేదు," అన్నారు.

అలా ఇంటింటికీ ఆ మోతగొట్టం వచ్చింది. ఏ యంత్రం ఎక్కువ నురుగు తీస్తే అది ఎక్కువ సమర్థమైనదని, ఏ ఇంట్లో గిన్నె నిండితే ఆ ఇల్లు పథకాన్ని సద్వినియోగం చేసినట్టని మార్గదర్శకాలు కూడా వచ్చాయి. ప్రతి శుక్రవారం తనిఖీ.

మొదటి శుక్రవారం పరాంకుశం గారు వరాహమూర్తి ఇంటికి వచ్చి, వంగి, గిన్నెలో కొలబద్ద పెట్టి చూశారు. అడుగున ఒక చెంచాడు తేట నీరుంది.

"ఇందులో ఏమీ లేదే."

"నీళ్లు శుభ్రంగా ఉన్నాయండి," అన్నాడు వరాహమూర్తి.

"నీటి శుభ్రత ఈ తనిఖీ పరిధిలోకి రాదు. నురుగు లేదు అంటే మీ ఇంట యంత్రం మురికిని తీయడం లేదని భావించవలసి ఉంటుంది."

"తీయడానికి మురికంటూ ఉండాలి కదండి."

"అదే మీ లోపం," అన్నారు పరాంకుశం గారు. తలుపుమీద సుద్దముక్కతో 'నురుగు నిండని ఇల్లు' అని రాసి వెళ్లిపోయారు.

మంగతాయారు ఆ అక్షరాలు తుడవబోతే, ఆఫీసువాళ్ల రాత అది, తుడిస్తే ఇంకేదైనా రాస్తారని వరాహమూర్తి వారించాడు. ఆమె ఆ తలుపు పక్కనే ఎప్పటిలా ముగ్గు వేసుకుంది.

దాలినాయుడి ఇంట్లో గిన్నె నిండుగా ఉంది. అతని చేప చచ్చి అడుగున కుళ్లుతోంది గనక నురుగుకు లోటు లేదు. అతనికి శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్నవాడు దాన్ని నిలబెట్టుకోవాలి కదా. చచ్చిన చేప ఎంతకని నురుగిస్తుంది? రెండోవారం గిన్నె సగానికి పడిపోయింది. ఆ దిగులులో అతను ఉండగా, అతని భార్య ఆదివారం తలంట్లకని నలిపిన కుంకుడుకాయ రసం గిన్నె ఒకటి తొట్టి గట్టు మీదినుంచి జారి లోపల పడింది.

నురుగు గొట్టం నిండింది, గిన్నె నిండింది, హాలు నిండింది. వరండా దాటి మెట్ల మీదుగా కిందికి దిగింది. కింది వాటాలోవాళ్లు మబ్బు దిగిందేమోనని బయటికి వచ్చి చూశారు. పరాంకుశం గారు మోకాలిదాకా పంచె ఎగ్గట్టుకుని ఆ నురుగులో నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఇంత మురికి ఒక్క తొట్టిలో దాగి ఉందని ఇన్నాళ్లూ తెలియకపోవడం శోచనీయమన్నారు. దాలినాయుడి తొట్టిని 'ఆదర్శ తొట్టి'గా ప్రకటించారు.

ఇక ఆగలేదు. ఆ నెలలో బజారులో కుంకుడుకాయలు దొరకలేదు. క్వార్టర్లలో ఆడవాళ్లు శనగపిండితో తల రుద్దుకున్నారు. ఏ ఇంటి ముందు చూసినా నురుగు. పాలవాడు సైకిలు జారి పడ్డాడు. సాయంత్రాలు పిల్లలు మెట్ల మీద జారుడుబండ ఆడుకున్నారు. కుంకుడు రసం నీళ్లలో పడితే చేప గంటలో తిరగబడుతుంది. ఒక్కొక్క తొట్టే ఖాళీ అయింది. నెలాఖరుకి ఆ క్వార్టర్లన్నిటిలో బతికున్న చేప చుక్కమ్మ ఒక్కతే.

నెలవారీ సమీక్షలో వరాహమూర్తి మళ్లీ లేచి నిలబడ్డాడు. అందరిళ్లలోనూ చేపలు చచ్చిపోతున్నాయండి, ఆ సంగతి ఎవరైనా చూస్తారా అని అడిగాడు. పరాంకుశం గారు ఈసారి విసుక్కోలేదు. అర్థం కానివాడికి ఓపిగ్గా చెప్పినట్టే చెప్పారు.

"చేపలు ఈ పథకంలో లబ్ధిదారులు. లబ్ధిదారుల సంఖ్య తగ్గినంత మాత్రాన పథకం విఫలమైనట్టు కాదు. లబ్ధి పెరిగింది. అది గమనించండి."

ఆ మర్నాడే ఉత్తర్వు వచ్చింది. నురుగు నిండని ఇంట్లో చేపకు తగిన సదుపాయాలు లేనట్టు రుజువైనందున, వచ్చే శుక్రవారం తనిఖీలోనూ గిన్నె నిండకపోతే ఆ చేపను స్వాధీనపరచుకుని ఆదర్శ తొట్టిలోకి బదిలీ చేస్తారట. చేప సంక్షేమం దృష్ట్యా అని కింద రాశారు.

వరాహమూర్తి ఆ కాగితం దేవుడి పటం ముందు ఉంచి దండం పెట్టుకున్నాడు. మంగతాయారు ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి, ఎక్కడో డబ్బా అడుగున మిగిలిన నాలుగు కుంకుడుకాయలు చితక్కొట్టి, రసం తీసి తెచ్చింది.

"ఒక్క చెంచా వేస్తే గిన్నె నిండుతుంది. చేప మన దగ్గరే ఉంటుంది," అంది.

"ఉంటుంది. ఎంతసేపు?"

ఆమె గిన్నె ఆయన చేతికిచ్చి మొహం తిప్పుకుంది. వరాహమూర్తి తొట్టి ముందు నిలబడ్డాడు. పైన చెయ్యి నీడ పడగానే మేత వేస్తారనుకుని చుక్కమ్మ గబగబా పైకి వచ్చి నోరు తెరిచింది. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. వేస్తే ఇక్కడ చస్తుంది. వేయకపోతే పక్కింట్లో చస్తుంది. ఉత్తర్వులో మూడో దారి రాయలేదు. ఆయన పెరట్లోకి వెళ్లి ఆ రసం తూములో పారబోసి, చెయ్యి రెండుసార్లు కడుక్కున్నాడు.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో దాలినాయుడు నిలబడి ఉన్నాడు. శాలువా భుజాన లేదు.

"మూర్తిబాబూ, ఆ సేపని మా తొట్టిలోకి పంపకండి," అన్నాడు నేల చూస్తూ. "ఆ నీళ్లలో ఏలెట్టినా మండుతోంది. నాకు పేరొచ్చిందని మా ఆడది పక్కోళ్ల మొకం సూడలేకపోతంది."

"నేను పంపటం లేదు నాయుడూ. వాళ్లు తీసికెళ్తారు."

"ఆళ్లొచ్చేసరికి ఉంటే గదా తీసికెళ్లడం. ఈ సేపని ఎక్కడట్టారో మీకు తెల్దా? మన ఎనక రాళ్ల కాడే. నా కళ్లెదురుగా. పోటు తగ్గినప్పుడు అక్కడే ఒగ్గేయండి. దాని ఇంటికి అదెళ్తది."

ఇన్ని రోజులూ అందరూ చూసి ఊరుకున్న సంగతే. ఎవరో ఒకరు పైకి అనేదాకా అది దారిలా కనిపించలేదు.

గురువారం సాయంత్రం వరాహమూర్తి చుక్కమ్మను నీళ్లతో సహా ప్లాస్టిక్ బకెట్లోకి తీశాడు. మంగతాయారు పట్టకారు, మేతడబ్బా తెచ్చుకుంది. రాళ్ల మధ్య మడుగులో నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆయన బకెట్ వంచి, మడుగు నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి రానిచ్చి, అలవాటు పడ్డాక వదిలాడు. చుక్కమ్మ వెంటనే పోలేదు. రాతి నీడలో ఒకసారి అటూ ఇటూ తిరిగి, ఒక అల వచ్చి మడుగును కలుపుకున్నప్పుడు దాంతో పాటు వెళ్లిపోయింది. మంగతాయారు పట్టకారులో చిటికెడు మేత అలాగే ఉండిపోయింది.

శుక్రవారం పరాంకుశం గారు వలా, మూతబిందే, ఇద్దరు మనుషులతో వచ్చారు. తొట్టిలో చేప లేదు. ఎక్కడన్నారు. వరాహమూర్తికి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"పెద్దతొట్టిలోకి మార్చానండి."

"అనుమతి లేకుండా ఇంకో తొట్టా? ఎక్కడ?"

వరాహమూర్తి వంటింటి కిటికీలోంచి చూపించాడు. పరాంకుశం గారు ఆ కిటికీ వైపు ఎన్నడూ చూడలేదు. చూడవలసిన పని పడలేదు. తనిఖీ చేయని తొట్టిని చేసినట్టు రాయడం ఆయన స్వభావం కాదు గనక, కొలబద్దా గిన్నే తీసుకుని అందరితో ఇసుకలోకి నడిచారు.

ముందురోజు రాత్రినుంచి గాలి పట్టింది. వానాకాలపు సముద్రం. ఒడ్డు పొడవునా నురుగు గుట్టలు గుట్టలుగా పేరుకుని, గాలికి ముక్కలై పరుగెత్తుతోంది. పరాంకుశం గారు గిన్నె కింద పెట్టారు. నడుము ఎత్తేలోగా నిండింది. పారబోసి మళ్లీ పెట్టారు. మళ్లీ నిండింది. ఆయన గొంతు మారింది.

"ఈ యంత్రం ఏ కంపెనీది?"

"తెలియదండి. మా తాతల కాలం నుంచీ నడుస్తోంది."

"ఇంత సామర్థ్యం మా కమిటీ దృష్టికి ఎందుకు రాలేదు? ఎవరి పేర కేటాయించారిది?"

వరాహమూర్తి తడబడ్డాడు. అబద్ధం చెప్పకూడదు. తెలిసినంతలో నిజమే చెప్పాలి.

"నారాయణుడండి," అన్నాడు.

"ఆయన ఇక్కడే ఉంటారా?"

"పడక ఇక్కడేనండి."

పరాంకుశం గారు రాసుకున్నారు. వరాహమూర్తిని ఆ పూటకు ఎవరూ ఏమీ అనలేదు. చేపకు ఇంతకు మించిన ఆదర్శ తొట్టి దొరికింది గనక బదిలీ ఉత్తర్వు అమలైనట్టే లెక్క వేశారు.

ఆ నెల సన్మానసభలో ప్రథమ బహుమతి నారాయణ గారికి ప్రకటించారు. సంచాలకులు గారు శాలువా పట్టుకుని వేదిక మీద నిలబడ్డారు. పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. అలల మోతలో మాట అందలేదేమోనని కిటికీ మూసి మరోసారి పిలిచారు. ఎవరూ రాలేదు. వెనక వరసలో వరాహమూర్తి మాత్రం ఆ పేరు వినపడ్డప్పుడల్లా అలవాటుగా చేతులు జోడించాడు.

బహుమతికి రానివాడి మీద సంస్థకు కోపం వచ్చింది. సోమవారానికి నోటీసు తయారైంది. నారాయణ గారు సన్మానానికి హాజరు కాలేదు. తొట్టికి నిర్ణీత గిన్నె బిగించుకోలేదు. పైపెచ్చు వారి తొట్టిలో అలలు నిరంతరం లేస్తుండటం వల్ల నురుగు కొలతకు ఆటంకం కలుగుతోంది కనుక, వచ్చే శుక్రవారం తనిఖీ సమయంలో అలలు నిలిపి ఉంచవలసినది. ఆ ఇంటికి దగ్గరి క్వార్టరు వరాహమూర్తిదే గనక, నోటీసు స్వయంగా అందజేసి, అందుకున్నట్టు సంతకం తీసుకురావలసిన బాధ్యత ఆయనకు అప్పగించారు.

వరాహమూర్తి ఉత్తర్వు జవదాటే మనిషి కాదు. సాయంత్రం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, మంగతాయారును వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్లాడు. చీలమండలు తడిసేదాకా నీళ్లలోకి దిగి, చేతులు జోడించి, నోటీసు మొదటినుంచి చివరిదాకా స్పష్టంగా చదివాడు. అలలు నిలిపి ఉంచవలసినది అన్నచోట ఆగి, తప్పుంటే క్షమించమని లోపల అనుకున్నాడు. తర్వాత వంగి కాగితాన్ని నీటి అంచున ఇసుక మీద పెట్టాడు.

ఒక అల వచ్చింది. తొందరపడకుండా వచ్చింది. కాగితాన్ని మడత పెట్టినట్టు మడిచి తీసుకుని వెనక్కి వెళ్లింది. వెళ్తూ ఆయన పాదాల మీద దోసెడు నురుగు వదిలింది.

వరాహమూర్తి అలాగే నిలబడి ఉన్నాడు. "మరి సంతకం?" అన్నాడు, ఎవరినడుగుతున్నాడో తనకే తెలియకుండా.

మంగతాయారు పట్టకారుతో చిటికెడు మేత తీసి రాళ్ల మడుగులో వేస్తోంది. తల తిప్పకుండానే అంది:

"మీ కాళ్ల మీద చేశాడుగా. ఆరేలోగా తీసుకెళ్లి చూపించండి."